లీటరు లెక్క బస్సు డిపోకేనా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆర్టీసీ డిపోలలో ప్రతి డ్రైవరు పేరునా ఒక లెక్క నడుస్తుంటుంది. బస్సు తిరిగి వచ్చాక ట్యాంకులో పట్టిన డీజిలు ఎంత, తిరిగిన కిలోమీటర్లు ఎన్ని అని చూసి, లీటరుకు ఎంత వచ్చిందో రాస్తారు. దీన్నే కేఎంపీఎల్ అంటారు. ఇంగ్లీషు అక్షరాలే అయినా డ్రైవర్ల నోట నలిగి నలిగి తెలుగు మాటే అయిపోయింది. బస్సు లీటరుకు నడిచేది అయిదు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. అందులో కొంచెం తగ్గినా డిపోలో అడిగేవారున్నారు, తక్కువ తెచ్చినవారికి శిక్షణ ఇచ్చే ఏర్పాటూ ఉంది.

అదే డిపో గేటు ఎదుట నిలబడిన బాడుగ కార్ల వారిని, ఆటోల వారిని 'మీ బండి లీటరుకు ఎంత ఇస్తుంది?' అని అడిగితే 'ఏదో ఇస్తుందిలే అన్నా' అన్న జవాబే ఎక్కువ. సొంత కారు కొన్న రైతులదీ అదే తీరు. బుడ్డల మూటకు కిలో తరుగు ఎక్కువ తీస్తే మార్కెట్ యార్డులో రచ్చకు దిగే మనిషి, నెలకు పది పదిహేను లీటర్లు ఊరికే కాలిపోతుంటే పట్టించుకోకపోవడం విడ్డూరం.

చమురు ధర మన చేతిలో లేదన్న మాట నిజమే. 1973 అక్టోబరు యుద్ధంతో అరబ్బు దేశాలు చమురు బిగించినప్పుడు పీపా 3 డాలర్ల నుంచి కొద్ది నెలల్లోనే 12 డాలర్ల దాకా ఎగబాకింది. పెట్రోలు ధర పెంపునకు నిరసనగా వాజపేయి ఎద్దుల బండి మీద పార్లమెంటుకు వెళ్లింది ఆ ఏడాదే. అంతటి అమెరికా సైతం 1974లో తన రహదారులన్నింటి మీద గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కి.మీ. మించి పోరాదని చట్టం చేసింది. ఇక్కడ 2010 జూన్‌లో పెట్రోలు, 2014 అక్టోబరులో డీజిలు ధరలను ప్రభుత్వ అదుపు నుంచి తప్పించారు. 2021లో మన రాష్ట్రంలో పెట్రోలు లీటరు నూరు రూపాయలు దాటింది. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే రావాలి. పన్నుల భారం తగ్గించవలసిన బాధ్యత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలది. దాని మీద అడగవలసిందే, అడుగుతూనే ఉండవలసిందే. కానీ వారు తగ్గించేదాకా ట్యాంకు ఆగదు కదా!

జమ్మలమడుగులో బాడుగ కారు నడుపుకొనే ఒక డ్రైవరు సంగతే తీసుకుందాం. రోజుకు 100 కి.మీ. తిరుగుతాడు. కారు లీటరుకు 15 కి.మీ. ఇస్తే రోజుకు 6.67 లీటర్లు కావాలి. అదే కారు 17 కి.మీ. ఇస్తే 5.88 లీటర్లు చాలు. లెక్క సులువుగా ఉండటానికి లీటరు నూరు రూపాయలు అనుకుంటే రోజుకు 79 రూపాయలు మిగులు. నెలలో 25 రోజులు బాడుగ దొరికితే దాదాపు రెండు వేలు. కారు కంతు కట్టుకోవడానికి అవస్థ పడే ఇంట్లో రెండు వేలంటే చిన్న సంగతి కాదు. దీనికి కొత్త కారు అక్కరలేదు. ఉన్న కారును వేరే విధంగా నడపాలి, అంతే.

అన్నిటికన్నా పెద్ద దుబారా వేగం. బండి వేగం పెరిగే కొద్దీ ఎదురుగాలి అంతకు మించి అడ్డుకుంటుంది. వేగం రెట్టింపయితే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. పెట్రోలు పొదుపు కోసం 1978లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ పీసీఆర్ఏ మన దేశపు కార్ల మీద పరీక్షలు జరిపించి, గంటకు 80 కి.మీ. వేగంతో పోల్చితే 45-55 మధ్య నడిపినప్పుడు 40 శాతం దాకా ఎక్కువ మైలేజీ రావచ్చునని చెబుతూ వస్తోంది. 67వ నంబరు జాతీయ రహదారి పుణ్యమా అని ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మధ్య ఇప్పుడు 80 కాదు, 100 కూడా కొడుతున్నారు. 50 కి.మీ. దూరం 80లో పోతే 38 నిమిషాలు, 55లో పోతే 55 నిమిషాలు. తేడా 17 నిమిషాలు. ప్రాణం మీదికి వచ్చిన రోగిని ఆస్పత్రికి చేర్చేవారిని ఎవరూ తప్పు పట్టరు. మిగిలినవారిలో చాలామంది ఆ 17 నిమిషాలు ఆదా చేసుకొని వచ్చి టీ అంగడి ముందు అరగంట కూర్చుంటున్నారు.

తరువాతది టైర్లలో గాలి. దీని మీద మన ప్రాంతంలో ఒక అపోహ బలంగా నాటుకొని ఉంది. ఎండలు ముదిరితే టైరు పేలుతుందని గాలి తగ్గించి నడుపుతారు. జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. గాలి తక్కువైన టైరు పక్కలు నలిగి, మరింత వేడెక్కి, పేలే ప్రమాదమే పెరుగుతుంది. పైగా బండి ఈడ్చుకుంటూ నడుస్తుంది, చమురు ఎక్కువ తాగుతుంది. డ్రైవరు తలుపు దగ్గర కంపెనీవారు అంటించిన చీటీలో ఎంత గాలి పట్టాలో రాసి ఉంటుంది. అంతే పట్టాలి, అదీ ఉదయం పూట, బండి కదలక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. బంకులో గాలి ఉచితంగా పట్టాలన్నది చమురు కంపెనీల నిబంధన. ఆచరణలో చాలాచోట్ల యంత్రం చెడి ఉంటుంది, లేదా పట్టే మనిషి ఉండడు. అడిగిన వాహనదారుడి మీద విసుక్కోవడం మాత్రం ఉంటుంది. ఇది శోచనీయం.

ప్రొద్దుటూరు బజార్ల సంగతి వేరే చెప్పాలి. బంగారం, బట్టల కోసం చుట్టుపక్కల తాలూకాల నుంచి జనం వస్తారు. గాంధీ రోడ్డు, శివాలయం వీధుల్లో పండగ ముందు కార్లు అడుగు కదలవు. చీరల అంగడిలో ఆడవాళ్లు ఒక చీరకు పది చీరలు విప్పించే దాకా బయట కారులో ఏసీ వేసుకొని ఇంజను నడుపుతూ కూర్చునే మగవారు ఎందరో! నిలబడిన కారు గంటకు ముప్పావు లీటరు, ఒక్కోసారి లీటరు దాకా కాల్చేస్తుంది. ఆ గంటలో అది నడిచిన దూరం సున్న. అర నిమిషం మించి ఆగవలసి వస్తే ఇంజను ఆపడమే లాభం. మన ఎండలకు ఏసీ వద్దనడం న్యాయం కాదు. అయితే కారును వేప చెట్టు నీడన పెట్టడం, ఎక్కే ముందు తలుపులు తెరిచి లోపలి వేడి బయటికి పోనివ్వడం ఖర్చు లేని పనులు. పట్టణంలో నెమ్మదిగా పోయేటప్పుడు అద్దాలు దించుకోవచ్చు. రహదారి మీద వేగంగా పోయేటప్పుడు అద్దాలు దించితే గాలి అడ్డుకొని ఆ పొదుపు కాస్తా పోతుంది.

ముద్దనూరు, జమ్మలమడుగుల మధ్య ఘాట్‌లో పల్లానికి దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందని నమ్మేవారు ఇంకా ఉన్నారు. పాత కార్బొరేటరు బండ్ల నాటి నమ్మకం ఇది. ఇప్పటి కార్లలో గేరులో ఉండగా కాలు తీసేస్తే ఇంజనుకు చమురు తనంతట తానే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజను తిరగడానికి చమురు కాలుతుంది. భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు తప్పితే మైలేజీ గురించి ఆలోచించే అవసరమే ఉండదు.

సంతల్లో అమ్మే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు కొనడం డబ్బు దండగ. అమెరికా ప్రభుత్వ సంస్థ నూరుకు పైగా ఇటువంటి సాధనాలను పరీక్షించి, చాలా వాటితో ప్రయోజనం లేదని తేల్చింది. తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువ వస్తుందన్నదీ అంతే. బంకులో ట్యాంకు భూమి లోపల ఉంటుంది. పొద్దు ఎక్కినా దిగినా అక్కడి వేడి పెద్దగా మారదు. నూరు రూపాయలకు బదులు నూట పదికి పోయిస్తే మోసం ఉండదన్న మాట కూడా విచిత్రమే. మోసం చేయదలచిన యంత్రానికి అంకెలతో పనేమిటి? కొలత మీద అనుమానం వస్తే తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న అయిదు లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు ప్రతివారికీ ఉంది. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకే అనుమతి.

మైలేజీ తగ్గిన ప్రతిసారీ బంకువారినే తిట్టడం కూడా సరికాదు. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం దేశమంతటా వచ్చింది. ఇథనాలులో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. పాత కార్లలో 6-7 శాతం, మోటారు సైకిళ్లలో 3-4 శాతం మైలేజీ తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాసింది. ఆ నష్టానికి తగినట్టు ధర తగ్గించకపోవడం మీద వాహనదారుల ఆక్షేపణ న్యాయమైనదే. లెక్క రాసుకున్న మనిషికే ఈ నష్టం ఎంతో తెలుస్తుంది. ట్యాంకు నిండా పోయించి, మీటరు అంకె రాసుకొని, మళ్లీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూస్తే చాలు. పిల్లల పాత నోటు పుస్తకం సరిపోతుంది.

దుబారా అంతా డ్రైవర్లదే అనడం కూడా అన్యాయం. గుంతలు పడిన రోడ్ల మీద, రంగు వేయని ఎత్తయిన స్పీడు బ్రేకర్ల మీద ఎంత నేర్పరి అయినా గేరు మార్చక, బ్రేకు తొక్కక తప్పదు. ఆగి మళ్లీ కదిలిన ప్రతిసారీ చమురు పోతుంది. కల్లాలు లేక రైతులు ధాన్యం రోడ్డు మీద ఆరబోస్తే సగం రోడ్డు మూతపడుతుంది. రైతుల ఇబ్బంది తెలిసిందే, కల్లాలు కట్టించవలసినవారికే అది తెలియడం లేదు. ప్రొద్దుటూరులో బజారు వెలుపల కార్లు నిలిపే చోటు చూపడం మునిసిపాలిటీ పని. బంకుల్లో గాలి యంత్రాలు పనిచేస్తున్నాయో లేదో చూడటం చమురు కంపెనీల తనిఖీ అధికారుల పని.

వీటన్నిటికీ నిధులు, టెండర్లు అంటూ కాలం పట్టవచ్చు. అంత దాకా ఆగనవసరం లేని పని ఒకటుంది. మూడు ఆర్టీసీ డిపోలలో డీజిలు పొదుపు నేర్పగల అనుభవజ్ఞులు ఉన్నారు. నెలకు ఒక పూట బాడుగ కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు నడిపేవారిని లోపలికి రానిచ్చి వారి చేత నేర్పిస్తే ఆర్టీసీకి పెద్దగా ఖర్చు ఉండదు. మాఘమాసం పెళ్లి బాడుగలు మొదలుకాక ముందే ఇందుకు అనుమతి ఇవ్వాలని డ్రైవర్లు కోరుతున్నారంటే ఆశ్చర్యం లేదు. జిల్లా ఆర్టీసీ అధికారులు ఆ ఉత్తర్వు ఇవ్వడానికి ఒక కాగితం చాలు.