బెస్ట్ పౌడర్ ఏదని అడక్కండి బాబూ!

పిస్తోలు తూటాలు ఇంట్లో సొంతంగా నింపుకునేవాళ్ళు నలుగురు ఒకచోట చేరారంటే అయిదో నిమిషంలో ఒక ప్రశ్న వచ్చి తీరుతుంది. "గురి బాగా కుదరాలంటే ఏ పౌడర్ బెస్ట్?" ఇహ ఆ తర్వాత అరగంట యుద్ధమే. మన ఆఫీసుల్లో జావా గొప్పదా, డాట్‌నెట్ గొప్పదా అని కొట్టుకున్నట్టే ఉంటుంది. ఒకాయన 1898 నాటి బుల్స్‌ఐని మించింది లేదంటాడు. ఇంకొకాయన ఫిన్లండ్ నుంచి వచ్చే విటావోరి ముందు అదెంత అంటాడు. నా వాదన ఒకటే. ఈ ప్రశ్నే తప్పు. తప్పు మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

ముందే చెప్పేస్తున్నా, నేను షూటర్‌ని కాను. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాణ్ణి. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం మా బాపతు వాళ్ళ దగ్గర తుపాకీ గానీ అమ్యూనిషన్ గానీ ఉండకూడదు. ఆ చట్టం లెక్కలో పౌడరు, ప్రైమరు, ఖాళీ కేసు కూడా అమ్యూనిషనే. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. కాబట్టి ఇది చదివి ఎవరూ ఉత్సాహపడకండి. టెక్సాస్‌లో ఉండే మా బావ సిటిజన్. 45 ఏసీపీ పిస్తోలుతో 25 గజాల, 50 గజాల పోటీలకి వెళ్తుంటాడు. తన తూటాలు తనే నింపుకుంటాడు. పక్కన కూర్చుని ఆయన అంకెలు ల్యాప్‌టాప్‌లో ఎక్కించడం వరకే నా పని.

ఓ ఆదివారం రేంజ్ నుంచి వస్తూనే మొదలెట్టాడు.

"చూశావట్రా! పాత పౌడరుతో అయిదు షాట్ల గ్రూపు 2.5 అంగుళాలు. కొత్త డబ్బాతో 1.9. మార్చేస్తున్నా."

"ఒక్కోదానితో ఎన్ని గ్రూపులు కాల్చావు బావా?"

"ఒక్కోటి. చాలదూ?"

చాలదు. ఎందుకో చూద్దాం. గ్రూపు సైజంటే కాగితం మీద పడిన చిల్లుల్లో అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండింటి మధ్య దూరం. అంటే అయిదు తూటాలు కాల్చి, చివరికి రెండింటినే కొలుస్తున్నాం. చిల్లులు నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో పడతాయనుకుంటే, అయిదు షాట్ల గ్రూపు సగటున సిగ్మాకి 3.07 రెట్లు ఉంటుంది. పది షాట్లదయితే 3.8 రెట్లు. తూటాలో ఏమీ మార్చకుండానే గ్రూపు పావు వంతు పెరిగిపోయిందన్నమాట. పైగా అయిదు షాట్ల గ్రూపు సైజుకి ఉండే స్టాండర్డ్ డీవియేషన్ దాని సగటులో 27 శాతం. రెండు గ్రూపుల మధ్య తేడాకి అది 38 శాతం అవుతుంది. మా బావ చూసి మురిసిపోయిన తేడా 27 శాతం. అంటే ఒకే డబ్బాలోంచి తీసి రెండు గ్రూపులు కాల్చినా ఇంచుమించు సగం సార్లు అంత తేడా రావచ్చు. ఒకే ఒక్కసారి బెంచ్‌మార్క్ రన్ చేసి "నా కోడ్ పాతిక శాతం ఫాస్ట్" అంటే కోడ్ రివ్యూలో ఊరుకుంటారా?

రెండో మూఢనమ్మకం క్రోనోగ్రాఫ్. "ఈ పౌడరుతో వేగంలో తేడాలు తక్కువ, అందుకే గురి బాగుంది" అంటారు. హైస్కూల్ ఫిజిక్స్‌తో లెక్క వేయండి. సెకనుకి 750 అడుగుల వేగంతో వెళ్ళే బుల్లెట్, గాలి నిరోధం వదిలేస్తే, 25 గజాల్లో సుమారు 1.93 అంగుళాలు కిందకి దిగుతుంది. 770 అడుగులతో వెళ్తే 1.83. అంటే 20 అడుగుల తేడాకి కాగితం మీద పడేది అంగుళంలో పదో వంతు. 50 గజాల్లో 0.4 అంగుళాలు. ఆ పోటీల టార్గెట్లో పది పాయింట్ల వలయం వ్యాసం 3.36 అంగుళాలు! వేగం నిలకడగా ఉండటం మంచిదే, కాదనను. కానీ దాని కోసం డబ్బా మీద డబ్బా మార్చేవాళ్ళు కొనే బుల్లెట్ నాణ్యతని, బుల్లెట్ కూర్చిన లోతుని, క్రింప్‌ని, అన్నిటికీ మించి ట్రిగ్గర్ నొక్కే తమ వేలిని పట్టించుకోరు.

ఇంకో తమాషా. వించెస్టర్ 231, హాడ్జ్‌డన్ హెచ్‌పీ-38 అని ఏళ్ళ తరబడి రెండు పేర్లతో అమ్ముడైంది ఒకే పౌడరు. అయినా ఈ రెంటిలో ఏది గురిగా కాలుస్తుందని వాదించుకున్న మహానుభావులున్నారు. అయిదు షాట్ల గ్రూపులు వాళ్ళిద్దరికీ సాక్ష్యం చెప్పే ఉంటాయి!

"పోన్లే, కాస్త పిచ్చి. నష్టమేముంది?" అంటారేమో. నష్టమేమిటో ఆ పై వారమే చూశాం. బావ మార్చిన కొత్త పౌడరు బాగా వేగంగా మండే రకం, చాలా తక్కువ వేస్తే చాలు. ఒక్కో తూటాకి అర గ్రాము కూడా పట్టదు. 45 ఏసీపీ కేసులో అది అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పడినా కేసు నిండదు, పైన బుల్లెట్ హాయిగా కూర్చుంటుంది. ఆరోజు ప్రెస్ మధ్యలో ఇరుక్కుంది. బావ హ్యాండిల్ని వెనక్కీ ముందుకీ లాగి సరిచేశాడు. వంద తూటాలు పూర్తయ్యాక మొహం పాలిపోయింది. "అక్కడ ఒకదాంట్లో రెండుసార్లు పడిందేమోరా."

తూకం వేస్తే తెలియదా అన్నాను. తెలియదట. రకరకాల ఇత్తడి కేసులు కలిసిపోయినప్పుడు కేసుల బరువుల్లో, బుల్లెట్ల బరువుల్లో ఉండే తేడాలే పౌడర్ బరువుని మింగేస్తాయి. ఇంకో దారిలేక సుత్తిలా ఉండే పుల్లర్‌తో ఒక్కొక్క తూటానీ కొట్టి విప్పాడు. 37వ తూటాలో దొరికింది. సరిగ్గా రెట్టింపు పౌడరు. అది పేలి ఉంటే పిస్తోలు సంగతి సరే, పట్టుకున్న చెయ్యి ఏమయ్యేది? మా అక్క గుమ్మంలో నిలబడి అంతా చూసింది, ఒక్క మాట మాట్లాడలేదు. ఇంత ప్రమాదం తెచ్చుకున్నది దేనికీ? అసలు ఉందో లేదో తేలని 0.6 అంగుళాల కోసం!

కాబట్టి ప్రశ్న మార్చండి. "ఏది బెస్ట్?" కాదు, ఈ వరసలో అడగండి. ఒకటి, నా బుల్లెట్ బరువుకీ నాకు కావలసిన వేగానికీ పౌడర్ కంపెనీ తాజా మాన్యువల్లో ఈ పౌడరుకి లెక్క ఉందా? లేకపోతే అక్కడితో ఆపాలి. బర్న్ రేట్ చార్టులో పక్కపక్కన ఉన్నాయని ఒకదాని లెక్క ఇంకోదానికి వాడకూడదు. మాన్యువల్ చెప్పిన ప్రారంభ మోతాదు నుంచే మొదలెట్టాలి. మరీ తగ్గించినా బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుంటుంది. రెండు, పొరపాటున రెండుసార్లు పడితే కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుందా? మూడు, నా మెషీన్‌లోంచి ప్రతిసారీ ఒకే మోతాదు పడుతుందా? గ్రెయిన్‌లో పదో వంతంటే 6.5 మిల్లీగ్రాములు. పది సార్లు పోసి తూచితే తెలిసిపోతుంది. ఈ మూడూ పాసయిన వాటికే నాలుగో పరీక్ష, గురి. అదీ ఆనించి పెట్టి, ఒక్కోదానితో కనీసం నాలుగు పది షాట్ల గ్రూపులు, ఏ తూటా ఏదో కాల్చేవాడికి తెలియకుండా.

బావ ఇప్పుడు కేసులో ఎక్కువ చోటు నింపే పౌడరు వాడుతున్నాడు. పాతదానితో పోలుస్తూ నాలుగేసి గ్రూపులు కాల్చాడు. అంకెలు నేనే ఎక్కించాను. రెంటికీ తేడా తేల్లేదు. "మరి ఏది బెస్టురా?" అన్నాడు అలవాటు కొద్దీ.

నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి అక్క అంది, "రెండుసార్లు పడితే కనబడేది."