సూది వేసేటప్పుడు అమ్మ ఎక్కడ ఉండాలి?

బిడ్డను ఎక్కువగా ఎత్తుకుంటే అలవాటైపోతుందని మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. ఈ మాటకు శాస్త్రం ముద్ర వేసినవారు అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ వాట్సన్. 1928లో వెలువడిన శిశుపోషణ గ్రంథంలో ఆయన, పిల్లలను కౌగిలించుకోవద్దని, ఒడిలో కూర్చోబెట్టుకోవద్దని, ఉదయం కరచాలనం చేస్తే చాలునని తల్లులకు బోధించారు. (మన అమ్మమ్మలు ఆ పుస్తకం చదవకపోవడం మన అదృష్టం.)

తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో, తల్లుల నుంచి వేరుచేసిన కోతిపిల్లల ముందు రెండు బొమ్మతల్లులను ఉంచారు. ఒకటి ఇనుప తీగలది, మరొకటి తువాలు గుడ్డ చుట్టినది. పాలసీసాను తీగబొమ్మకు అమర్చినప్పుడు కూడా, అవి పాలు తాగి మళ్ళీ గుడ్డబొమ్మనే కరుచుకునేవి. ఆకలి తీర్చినందుకే బిడ్డ తల్లిని ప్రేమిస్తుందన్న వాదం 1958లో ఆయన ప్రకటించిన ఈ ఫలితంతో నిలవలేకపోయింది. ఆ మూగజీవాలు పడిన బాధను మాత్రం నేను సమర్థించలేను.

మనుషుల బిడ్డల మాటకొస్తే, బ్రిటన్‌లో జాన్ బౌల్బీ సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్, ఆసుపత్రిలో తల్లిని విడిచి ఉన్న రెండేళ్ల పాప ఎనిమిది రోజులు ఎలా గడిపిందో 1952లో చలనచిత్రంగా చూపారు. చాలామంది వైద్యులకు కోపం వచ్చింది. అయినా 1959లో అక్కడి ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులను ఆంక్షలు లేకుండా రానివ్వాలని సిఫారసు చేసింది.

ఇదంతా చదివి ఉండి కూడా, ఇంజక్షన్ వేసేటప్పుడు తల్లులను గది బయట నిలబెట్టినవాణ్ణి నేను. కొందరు పిల్లలు ఏడవకుండా బిగుసుకుపోయేవారు. దాన్ని ధైర్యమనుకున్నాను. మిమ్మల్నీ ఎవరైనా అలా బయట ఉండమంటే, బిడ్డను ఒడిలోనే పట్టుకుంటానని మర్యాదగా, గట్టిగా చెప్పండి.