పొలానికి రెండో పంట ఆలోచిస్తాం, పిల్లలకు రెండో కాలేజీ ఎందుకు ఆలోచించం?



ఈసారి పోస్టు తామర పురుగు గురించి కాదు, మిరప రేటు గురించీ కాదు. మన పిల్లల కాలేజీల గురించి. పొడుగ్గా ఉంటది. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవండి. కొన్ని మాటలు కొంతమందికి కోపం తెప్పిస్తాయి. పర్లేదు, కోప్పడండి, కానీ చదవండి.

మొన్న టీ బంకు దగ్గర మా బావ వరసాయన్ని అడిగా. "బావా, మీవాడు సెకండియర్ కదా, ఐఐటీ రాకపోతే ఏ కాలేజీ అనుకుంటున్నారు?" అని. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, "శుభం పలకమంటే ఇదేం మాట బావా" అన్నాడు. పక్కనున్న నలుగురూ ఆయన వైపే. వాళ్లింట్లో రెండో కాలేజీ పేరు ఎత్తకూడదంట. ఎత్తితే పిల్లాడి కసి తగ్గుద్దంట.

ఇదే బావ, వానలు వెనకబడితే పత్తి బదులు కంది వేద్దాం, అదీ కుదరకపోతే చలికాలం శనగ పెట్టుకుందాం అని జూన్‌లోనే లెక్కేసుకునే మనిషి. సాగర్ కుడి కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయో, అసలు వస్తాయో రావో తెలీని ఊరు మనది. అందుకే ఇంట్లో రెండు రకాల విత్తనం ఉంచుకుంటాం. అలా ఉంచుకున్నందుకు మొదటి పంట మీద ఎవరికన్నా మనసు తగ్గిందా? పంటకు బీమా కట్టిన రైతు మందు కొట్టడం మానేశాడా? మరి పిల్లాడి విషయంలో మాత్రం రెండో దారి చూడటం అపశకునం ఎట్లా అయింది?

నేనేదో తెలివిగలవాడినని చెప్పట్లేదు. ఏడేళ్ల కిందట నేనూ బావ లాగే ఉన్నా. మా పెద్దాడు ఇంటర్ చదివిన రెండేళ్లూ మా ఇంట్లో ఐఐటీ తప్ప వేరే మాట లేదు. వాడికి చిన్నప్పట్నుంచీ మిషన్ల పిచ్చి. మోటారు స్టార్టర్ విప్పి చూసేవాడు. తైవాన్ స్ప్రేయర్ ఆగిపోతే షాపుకు పోకుండా ఇంట్లోనే బాగుచేసేవాడు. ఐఐటీలో మెకానికల్ చదవాలని వాడి కోరిక. అడ్వాన్స్‌డ్ రాయడానికి కూడా అర్హత రాలేదు. ఆ రోజు వాడు గొడ్ల చావిట్లో కూర్చుని అన్నం తినలేదు. నేను రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తది.

మూడో రోజు ఒక ఫోను వచ్చింది. ఎవరో అడ్మిషన్ల కన్సల్టెంటు. మావాడి పేరు, ఎంసెట్ ర్యాంకు అన్నీ అతనికి తెలుసు. "కంప్యూటర్స్‌లో ఆఖరి రెండు సీట్లు ఉన్నాయి సార్, ఇవాళ అడ్వాన్సు కడితేనే" అన్నాడు. నా చేతిలో ఇంకో కాలేజీ పేరు లేదు. కాయలమ్మిన డబ్బు ఇంట్లో ఉంది. యాభై వేలు కట్టేశా. అది మేనేజ్‌మెంట్ కోటా. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదన్న సంగతి కూడా కట్టాకే తెలిసింది.

నాలుగు నెలలయ్యాక తెలిసిన మాస్టారు ఒకాయన ముందు ఏడాది ఆఖరి ర్యాంకుల పట్టిక తీసి చూపించాడు. మావాడి ర్యాంకుకు ఒక యూనివర్సిటీ కాలేజీలో మెకానికల్ సీటు కన్వీనర్ కోటాలోనే వచ్చేదంట. వాడికి కావాల్సిందీ అదే. ఆ పట్టిక ఎప్పుడూ నెట్‌లోనే ఉంది, నేనే చూడలేదు. మావాడు ఇష్టం లేని చదువు ఐదేళ్లు లాగాడు. అరెకరం పోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో బండ్ల సర్వీసింగ్ సెంటర్లో చేస్తున్నాడు, మళ్లీ మిషన్ల దగ్గరికే చేరాడు. వాణ్ణి అడిగి, వాడు రాయమన్నాకే ఇది రాస్తున్నా.

కల్లంలో కాయ తడుస్తుంటే దళారి చెప్పిన రేటుకే అమ్ముకుంటాం కదా? రెండో లిస్టు లేని తండ్రి పరిస్థితి అదే. కన్సల్టెంట్లకు కావాల్సింది మన తొందర. మన దగ్గర ముందే పది కాలేజీల పేర్లు ఉంటే అతని "ఇవాళే ఆఖరు" అనే మాట పనిచెయ్యదు.

ఇప్పుడు లెక్క చూడండి. 2025లో జేఈఈ మెయిన్ రాసింది దేశం మొత్తం మీద 14 లక్షల మందికి పైనే. వాళ్లలో అడ్వాన్స్‌డ్‌కు పిలిచేది రెండున్నర లక్షల మందిని. 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 18 వేల చిల్లర. అంటే మెయిన్ రాసిన వంద మందిలో సీటు దక్కేది ఒకరికి, ఇంకాస్త. మిగతా తొంభై ఎనిమిది మంది పనికిరాని వాళ్లా? మొలక శాతం ఇంత తక్కువున్న విత్తనాన్ని నమ్ముకుని వేరే విత్తనం కొనకుండా ఉన్నవాణ్ణి మనం ఏమంటాం?

కోచింగ్ పెట్టించొద్దని నేను అనట్లేదు. పిల్లలు ఐఐటీ కోరుకోవడం మంచిదే, గట్టిగా ప్రయత్నించమనండి. దాని పక్కన రెండో లిస్టు పెట్టడం తండ్రి పని. ఆ పని కోచింగ్ కాలేజీ చెయ్యదు. దాని ఫ్లెక్సీ మీద ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలే ఉంటాయి, రానోళ్లు ఎక్కడ చేరారో ఎవరూ వెయ్యరు.

రెండో లిస్టు ఎట్లా రాయాలి? మా అమ్మాయి విషయంలో మేం చేసింది చెప్తా. పెద్దాడి దెబ్బ తిన్నాక ఆ పిల్ల ఇంటర్ మొదటేడు అయిపోగానే కూర్చోబెట్టి ఒకే మాట అడిగా. "అమ్మా, ఐఐటీలో నీకు ఏం నచ్చింది? పేరు సంగతి పక్కన పెట్టి చెప్పు" అని. పిల్ల చాలాసేపు ఆలోచించింది. కాలువలు, డ్యాములు, నీళ్లు ఎట్లా పంచుతారో చదవాలి అంది. మంచి ల్యాబులు ఉండాలి అంది. ఆడపిల్లలకు భయం లేని హాస్టలు ఉండాలి అంది. నాన్నా, నీ మీద అప్పు పడకూడదు అని కూడా అంది. ఈ నాలుగూ కాగితం మీద రాసుకున్నాం. ఈ నాలుగింట్లో మూడన్నా ఉన్న కాలేజీలు వెతికాం.

పైన ఐఐటీలే రాసుకున్నాం. తిరుపతి, హైదరాబాద్ రెండు చోట్లా సివిల్ ఉంది. ఐఐటీ, ఎన్ఐటీల్లో ఆడపిల్లలకు అదనపు సీట్లు ఉన్నాయని అప్పుడే తెలిసింది.

రెండో వరసలో ఎన్ఐటీలు. దేశంలో 31 ఉన్నాయి. వాటికి అడ్వాన్స్‌డ్ అక్కర్లేదు, మెయిన్ ర్యాంకు చాలు. సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలకే. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో ఆ సగం మన ఆంధ్రా వాళ్లకు, వరంగల్‌లో తెలంగాణ వాళ్లకు. ఇంత దగ్గర్లో ఇంత మంచి అవకాశం పెట్టుకుని, ఎన్ఐటీ అంటే ఐఐటీ రానోళ్ల కాలేజీ అని చులకనగా మాట్లాడే పెద్దమనుషులు మన ఊళ్లోనే ఉన్నారు. వాళ్లను అందులో సీటు తెచ్చుకోవడం ఎంత కష్టమో ఒకసారి కనుక్కోమనండి.

మూడో వరసలో ఈఏపీసెట్‌తో వచ్చే ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలు. కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూలు, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ. అన్నింట్లో సివిల్ ఉంది. వీటితోపాటు బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీ. ఇంతకాలం బాపట్ల అంటే విత్తనాల కోసం, సలహాల కోసం పోయాం. అక్కడ భూమి, నీళ్ల ఇంజనీరింగే ఒక చదువని, ఎంపీసీ పిల్లలు బీటెక్ చెయ్యొచ్చని నాకు యాభై ఏళ్లు దాటాక తెలిసింది.

మీ పిల్లల కోరిక వేరైతే లిస్టూ వేరే అవుద్ది. సైన్సు మీద, పరిశోధన మీద ఇష్టముంటే తిరుపతిలో ఐసర్ ఉంది, దానికి పరీక్ష వేరే రాయాలి. మిషన్లు, డిజైన్ ఇష్టముంటే కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎం చూడండి. బైపీసీ పిల్లలైతే అగ్రికల్చర్ బీఎస్సీలో 40 శాతం సీట్లు రైతు కోటా. కనీసం ఎకరం పొలం, పల్లెలో నాలుగేళ్లు చదివిన సర్టిఫికెట్ అడుగుతారు. ఏటా నోటిఫికేషన్ చదివి కాగితాలు ముందే తీసిపెట్టుకోండి. పిల్లలు ఇంకా పదిలోనే ఉంటే నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలు, తెలంగాణ వాళ్లకు బాసర ఉన్నాయి. పది మార్కుల మీదే ఆరేళ్ల చదువు దొరుకుద్ది.

ఇంకో మూడు మాటలు, అనుభవంతో చెప్తున్నా.

ఒకటి. ఇంటర్ మార్కులు వదిలెయ్యొద్దు. మన ఆంధ్రాలో ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ వెయిటేజీ 25 శాతం. ఐఐటీ, ఎన్ఐటీ సీటుకు కూడా ఇంటర్లో 75 శాతం గానీ, బోర్డులో పై 20 పర్సంటైల్ గానీ ఉండాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకు 65 శాతం. జేఈఈ ఒక్కటే చదివి ఇంటర్ పోగొట్టుకున్న వాళ్లను చూశా.

రెండు. ఆప్షన్లు పెట్టేటప్పుడు భయంతో తక్కువ కాలేజీని పైన పెట్టొద్దు. కంప్యూటర్ మీరు రాసిన వరసలోనే పైనుంచి చూసుకుంటూ వచ్చి, ర్యాంకు సరిపోయిన మొదటి సీటు ఇస్తది. ఇష్టమైంది పైన, ఆ తర్వాతది కింద. పది ఆప్షన్లతో ఆపెయ్యొద్దు, ఎక్కువ పెట్టినందుకు నష్టం లేదు.

మూడు. ఏ కాలేజీ అయినా హయ్యెస్ట్ ప్యాకేజీ ఎంత అని అడగొద్దు. ఊళ్లో ఒక్క రైతుకు నలభై క్వింటాళ్లు పండితే అందరికీ పండినట్టా? ఆ బ్రాంచిలో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యలో ఉన్న పిల్లాడి జీతం ఎంత అని అడగండి. తటపటాయిస్తే లేచి రండి.

"మరి లాంగ్ టర్మ్ పెట్టిద్దాం, ఇంకో ఏడు చదివితే వస్తది" అంటారు. పిల్లలు వాళ్లంతట వాళ్లు అడిగితే పెట్టించండి. కానీ అడ్వాన్స్‌డ్ రాయనిచ్చేది రెండేళ్లే, ఇంటర్ అయిన ఏడు, ఆ పై ఏడు. ఆ రెండోసారి కూడా రాకపోతే ఏంటని ఈసారన్నా ముందే రాసుకోండి. ఇంకో సంగతి. ఐఐటీకి గేటు ఒక్కటే లేదు. వేరే కాలేజీలో బీటెక్ చేసి గేట్ పరీక్ష రాసి ఎంటెక్‌కు ఐఐటీలో చేరొచ్చు. బీఎస్సీ చదివి జామ్ రాసి ఎమ్మెస్సీకి చేరొచ్చు. పద్దెనిమిదేళ్లకు మూసుకున్న దారి ఇరవై రెండేళ్లకు మళ్లీ తెరుచుకుంటది. ఈ మాట ఆ పిల్లలకు ఎవరు చెప్తున్నారు?

ఆఖరిది పరువు. "ఊళ్లో ఏమనుకుంటారు" అన్నది. అన్నా, ఒక్క పంట మీద ఉన్నదంతా పెట్టి, అది పోయిన రోజు మందు డబ్బా చేతిలోకి తీసుకున్న మనుషులు మనకు తెలుసు. వాళ్ల శవాలు మోసిన భుజాలు మనవి. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ ఇంకో దారి కనపడని మనిషి ఎట్లా ఉంటాడో రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో పిల్లలు ముభావంగా ఉంటే, తిండి మానేస్తే, మాట్లాడండి. మీవల్ల కాకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్, డబ్బులు తీసుకోరు.

మా అమ్మాయికి ఐఐటీ రాలేదు. ఎన్ఐటీ కూడా కొద్దిలో పోయింది. రెండు రోజులు ఏడ్చింది. లిస్టు ఉంటే ఏడుపు రాదని నేను చెప్పను. మూడో రోజు ఆ కాగితం తనే తీసి, ఆప్షన్లు తనే పెట్టింది. ఇప్పుడు మూడో వరసలో రాసుకున్న కాలేజీలోనే సివిల్ చదువుతుంది. గేట్ పుస్తకాలు తెచ్చుకుంది. ఆ ఏడు కూడా మాకు కన్సల్టెంటు ఫోను వచ్చింది. "మా లిస్టు మాకుంది బాబూ" అని ఫోను పెట్టేశా.

బావకు ఈ పోస్టు పంపిస్తున్నా. కోపమొచ్చినా సరే. ఆదివారం సాయంత్రం మా ఇంటి అరుగు మీద మా అమ్మాయి కూడా ఉంటది. ఇంటర్ చదివే పిల్లల్ని తీసుకుని రండి. ఒక తెల్లకాగితం తెచ్చుకోండి చాలు. ముందు "నీకు ఏం నచ్చింది" అని పిల్లల్ని అడుగుదాం. కాలేజీల పేర్లు ఆ తర్వాత రాసుకుందాం.