అనుమానానికి ఆధారం ఏది?

గోదావరి గడ్డపై పుట్టిన రచయితలలో యండమూరి వీరేంద్రనాథ్ గారి పేరు వినని తెలుగు పాఠకులు అరుదు. 1948లో కోనసీమలోని రాజోలులో జన్మించిన ఆయన రాసిన ‘తులసిదళం’ 1980ల ఆరంభంలో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వెలువడింది. అంతకు ముందు తెలుగులో నేరకథలు లేకపోలేదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు అద్దె పుస్తకాల షాపుల ద్వారా ఎన్నో ఇళ్ళకు చేరారు. అయితే యుగంధర్ ఆధారాలు వెతికి నేరస్థుణ్ణి పట్టేవాడు. ‘తులసిదళం’లో ఆస్తి కోసం ఒక పసిపాపపై జరిగే కుట్రకు చేతబడి ఆయుధమవుతుంది.

రాజమహేంద్రవరంలో నెలకొక పుస్తకం చదివి చర్చించుకునే మిత్రుల కూటమి ఒకటి ఉంది. ఇటీవల వారు ఈ నవలను ఎంచుకున్నారు. మేమూ ఆ చర్చలో కూర్చున్నాము. అభిప్రాయాలు ఒక్క తీరుగా లేవు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పుస్తకాన్ని మెచ్చుకున్నారు. చదివే అలవాటు లేనివారి చేత కూడా రాత్రంతా చదివించిన రచన ఇదని ఆయన మాట. రంగనాయకమ్మ గారు దీన్ని ఎంత తీవ్రంగా విమర్శించారో కూడా ఆయనే గుర్తుచేశారు. నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయికి వైద్యుల భాగం నచ్చింది. “కానీ మంత్రమూ నిజమేనేమో అనిపించేలా రాశారు. జ్వరం ముదిరాక బిడ్డను ఆస్పత్రికి తెచ్చే తల్లులను చూస్తున్నాను, మౌలానా” అన్నది. ఒక యువ హాఫిజ్ అసలు ఇలాంటి పుస్తకం ఇంట్లోనే ఉండరాదన్నారు.

చివరగా ఒక పెద్దావిడ మాట్లాడారు. “పుస్తకం చదువుతున్నప్పుడు నాకు భయం వేయలేదు, మౌలానా సాబ్. మర్నాడు గుమ్మం దగ్గర నిమ్మకాయ కనిపిస్తే, ఎవరు వేశారా అని పక్కింటి వైపు చూశాను. అదే నాకు నచ్చలేదు.”

అందరి మాటల్లోనూ ఈ మాటే మాకు బరువైనదిగా తోచింది. నేరకథ మంచిదా చెడ్డదా అన్న దానికన్నా, అది మన మనసులో ఏ అలవాటును మిగులుస్తున్నదన్నది ముఖ్యం.

చేతబడి ఘోరపాపమన్న విషయంలో మనకు సందేహం లేదు. దైవప్రవక్త (స) హెచ్చరించిన ఏడు వినాశకర పాపాలలో అది ఒకటి. అల్లాహ్ అనుమతి లేనిదే దానివల్ల ఎవరికీ హాని కలగదని బఖరా సూరా 102వ ఆయత్ స్పష్టం చేస్తున్నది. అయితే అదే హదీసులో, అదే ఏడింటిలో, శీలవతులైన స్త్రీలపై నింద మోపడం కూడా ఉన్నది. దీన్ని మనం మరచిపోతున్నాము.

మన ఇళ్ళలో ఏం జరుగుతున్నదో చూడండి. బిడ్డకు జబ్బు చేస్తుంది, లేదా వ్యాపారం దెబ్బతింటుంది. ఎవరో ఒక ఆమిల్ వద్దకు తీసుకువెళతారు. అతను పేరు చెప్పడు, “మీ దగ్గరివారే చేయించారు” అంటాడు. ఆ ఒక్క మాటతో చూపులు కోడలి మీదికో, వితంతువైన మేనత్త మీదికో మళ్ళుతాయి. ఆమె తన నిర్దోషిత్వాన్ని ఎలా నిరూపించుకోగలదు? అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోతాయి. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఘటనలు తెలుగు నాట ఎన్నో జరిగాయి. జోస్యుని వద్దకు వెళ్ళి అడిగినవాని నలభై రాత్రుల నమాజు స్వీకరించబడదన్న హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది.

దివ్యఖుర్‌ఆన్ మనకు నేర్పిన పద్ధతి వేరు. యూసుఫ్ (అలై) పై నింద పడినప్పుడు చొక్కా ముందు చిరిగిందా, వెనుక చిరిగిందా అని చూశారు. వెనుక చిరగడంతో నిజం తేలింది. అన్నిసా సూరా 105వ ఆయత్ నుండి వచ్చే వచనాల నేపథ్యంగా వ్యాఖ్యాతలు ఒక దొంగతనాన్ని పేర్కొన్నారు. ముస్లింగా చెలామణి అవుతున్న ఒక వ్యక్తి కవచాన్ని దొంగిలించి, ఒక యూదుని ఇంట్లో ఉంచాడు. దొంగ బంధువులు తమవాని పక్షాన వాదించారు. యూదుడే దోషి అనిపించే స్థితిలో అవతరించిన ఆయతులు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించాయి. తమవాడని దొంగను వెనకేసుకు రావద్దని, నిర్దోషిపై నేరం మోపడం మహాపాపమని బోధించాయి. నిందితుడు పరాయివాడైనా న్యాయం మారలేదు.

కనుక సోదర సోదరీమణులారా, పిల్లల చేతిలో నేరకథ కనిపిస్తే వెంటనే లాక్కోకండి. వయసుకు తగనిదైతే ప్రేమతో పక్కన పెట్టించండి. తగినదైతే మీరూ చదివి అడగండి: ఇందులో ఎవరిని అనుమానించావు? ఎందుకు? నీ ఆధారం ఏమిటి? ఆ ప్రశ్నకు జవాబు వెతికిన బిడ్డ రేపు ఇంట్లో ఎవరిపైనైనా నింద పడినప్పుడు కూడా అదే ప్రశ్న అడుగుతాడు. బిడ్డకు జబ్బు చేస్తే ముందుగా వైద్యునికి చూపించండి; ఆయతుల్ కుర్సీ, చివరి రెండు సూరాలు మీరే చదివి ఊదండి. దీనికి ఎవరి పేరూ అనుమానించవలసిన పని లేదు.

అల్లాహ్ మన ఇళ్ళను చెడు అనుమానాల నుండి కాపాడుగాక! ఆమీన్.