స్కూబా డైవింగ్: పర్యాటకుల లెక్కకు ముందు పగడాల లెక్క

అండమాన్ వెళ్లొచ్చిన ఏ కుటుంబాన్ని అడిగినా ఒక రోజు గురించి ప్రత్యేకంగా చెబుతారు. స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్)లో పొద్దున్నే స్కూబా, ఆ తర్వాత పడవలో ఎలిఫెంట్ బీచ్‌కు వెళ్లి స్నార్కెలింగ్, సీ వాక్, జెట్ స్కీ, సాయంత్రం రాధానగర్ తీరంలో సూర్యాస్తమయం. "ఈత రాకపోయినా ఫర్వాలేదు" అన్నది ఈ రోజుకు అందరినీ ఆకర్షించే మాట. సముద్ర పర్యాటకం బలం, బలహీనత రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. సముద్రం అడుగును సామాన్యుడు చూడగలగడం బలం. నీటిలో కాళ్లను అదుపు చేసుకోలేని మనిషి నేరుగా పగడాల మీదికి వెళ్లడం బలహీనత.

ఈ వ్యాసం వాదన ఒక్కటే. ద్వీపానికి ఎంతమంది వచ్చారన్న సంఖ్యతో విజయాన్ని కొలవడం మానుకోవాలి. ఒక్కో పగడపు దిబ్బ రోజుకు ఎంతమందిని భరించగలదో ముందు తేల్చి, అనుమతులు అక్కడే ఆపాలి.

పణంగా ఉన్నది ఏమిటి?

భారత్‌లో ప్రధాన ప్రవాళ భిత్తికలు (పగడపు దిబ్బలు) నాలుగు చోట్ల ఉన్నాయి: కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, అండమాన్–నికోబార్, లక్షద్వీప్. చూడటానికి రాయిలా ఉన్నా పగడం ఒక జంతువు. దాని కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలే దానికి ఆహారాన్ని, రంగును ఇస్తాయి. సముద్రపు నీరు వేసవి గరిష్ఠ స్థాయి కంటే ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు ఉంటే, పగడం ఆ శైవలాలను బయటకు నెట్టేసి తెల్లబడుతుంది. ఇదే బ్లీచింగ్. 1998, 2010, 2016లలో మన దిబ్బలు ఈ దెబ్బ తిన్నాయి. 2024 ఏప్రిల్‌లో నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్‌ను శాస్త్రవేత్తలు ధ్రువీకరించారు. ఆ వేసవిలో లక్షద్వీప్ పగడాలూ తెల్లబడ్డాయి.

గట్టి దిమ్మల్లా పెరిగే పగడాలు సాధారణంగా ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి ఎదగవు. లంగరు పడి చితికిన దిమ్మ కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు.

ఎదుటి వాదన

పగడాలను చంపుతున్నది ప్రధానంగా వేడి, డైవర్లు కాదు అని కొందరంటారు. నిజమే. ద్వీపవాసులకు పర్యాటకం జీవనాధారమన్నదీ నిజమే. దిబ్బను కళ్లారా చూసినవారే దాన్ని కాపాడాలని కోరుకుంటారన్న మాటలోనూ బలం ఉంది. అయితే సముద్రపు వేడిని పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం)లోని యంత్రాంగం తగ్గించలేదు. లంగర్లను, మురుగునీటిని, రద్దీని తగ్గించగలదు. జ్వరంతో ఉన్నవాడి మీద మూటలు మోపకూడదు కదా! పైగా దిబ్బ పాడైతే ముందుగా ఉపాధి పోయేది స్థానిక పడవవాడికే.

నమూనా మన దగ్గరే ఉంది

వండూర్ వద్ద 1983లో మహాత్మా గాంధీ మెరైన్ జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. అందులోని జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను ఏడాదిలో వంతులవారీగా తెరుస్తారు. ఒకచోట సందర్శకులుంటే మరోచోట దిబ్బకు విశ్రాంతి. వెళ్లాలంటే అనుమతి తీసుకోవాలి, ప్లాస్టిక్ తీసుకెళ్లకూడదు. పొరుగున థాయ్‌లాండ్ 2018లో మాయా బేను మూసేసి, 2022 జనవరిలో పరిమితులతో మళ్లీ తెరిచింది. రెండు అనుభవాలూ చెబుతున్నది ఒకటే: విశ్రాంతి ఇవ్వడం వల్ల పర్యాటకం ఆగిపోదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పగడాలకు షెడ్యూల్–1 రక్షణ ఇచ్చింది. పగడం ముక్క ఏరుకెళ్లేవాడిని ఆ చట్టం పట్టుకోగలదు. రోజంతా వరుసగా దిగే వందల కాళ్ల భారాన్ని తగ్గించాలంటే మాత్రం స్థలాలవారీ పరిమితి కావాలి.

భద్రతకూ అదే మందు

పది మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలంతో పోలిస్తే రెట్టింపు. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకే తొలిసారి దిగేవారికి అంతర్జాతీయ శిక్షణ సంస్థలు సాధారణంగా 12 మీటర్ల పరిమితి పెట్టాయి. ఒక డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, పలు డైవ్‌లైతే 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది నిపుణుల సూచన. ఒకే రోజులో అన్నీ ఇరికించే ప్యాకేజీల హడావిడిలో ఇవన్నీ వివరించే తీరిక శిక్షకుడికి దొరకదు. రద్దీ తగ్గితే మనిషికీ, పగడానికీ మేలే.

చేయవలసినవి

1. ప్రతి డైవింగ్ స్థలానికి శాస్త్రీయంగా రోజువారీ పరిమితి నిర్ణయించి బహిరంగంగా ప్రకటించాలి.
2. తొలిసారి దిగేవారిని ఇసుక అడుగున్న చోటే దించాలి.
3. లంగర్ల బదులు పడవలు కట్టుకునే స్థిరమైన బోయలు ఏర్పాటు చేయాలి.
4. బ్లీచింగ్ కనిపించిన వెంటనే ఆ స్థలాన్ని మూసే అధికారం స్థానిక యంత్రాంగానికి ఉండాలి. ఆ కాలంలో పడవవారికి, శిక్షకులకు దిబ్బల పర్యవేక్షణలో పని ఇవ్వాలి.
5. డైవింగ్ రుసుములో నిర్ణీత వాటా దిబ్బల సంరక్షణకు, స్థానిక పంచాయతీకి చేరాలి.

లక్షద్వీప్ మొత్తం వైశాల్యం 32 చదరపు కిలోమీటర్లే, జనావాసం ఉన్నవి పది దీవులే. 2024 జనవరిలో ప్రధాని పర్యటన తర్వాత దేశమంతా అటు చూసింది. మన విశాఖ రుషికొండలోనూ స్కూబా అందుబాటులో ఉంది. అక్కడ లక్షద్వీప్ తరహా దిబ్బలు లేకపోయినా, నీటి అడుగున రాళ్లను ఆశ్రయించిన జీవజాలం ఉంది. జనం పోటెత్తాక నియమాలు పెడితే ప్రతి నియమం ఎవరో ఒకరి ఉపాధికి అడ్డొస్తుంది. కాబట్టి ఈ రెండు చోట్లా పరిమితులు ఇప్పుడే నిర్ణయించాలి.

సాధన ప్రశ్న (జీఎస్ పేపర్–3, 250 పదాలు): ద్వీప పర్యాటకంలో భార వాహక సామర్థ్యం భావనను వివరించండి. అధికరణ 48ఏ, 51ఏ(జీ) నేపథ్యంలో పగడపు దిబ్బల సంరక్షణకు, స్థానిక ఉపాధికి మధ్య సమతుల్యత ఎలా సాధించవచ్చో చర్చించండి.