పరిశోధనాధికారి - అర్హతా విచారము

శాస్త్రారంభమున అనుబంధ చతుష్టయమును నిరూపించుట మన సంప్రదాయము. అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము అను నాలుగింటిలో వేదాంతులు అధికారినే మొదట నిలిపిరి. మీమాంసకుల మతమున అధికారికి ఫలాపేక్ష, సామర్థ్యము, విద్య అను మూడును ఉండవలెను. నేటి వ్యవహారమున అధికారి యనగా పదవియందున్నవాడని మాత్రమే అర్థము. ఈ రెండర్థముల నడుమ ఏర్పడిన దూరమే మన ప్రాచ్యవిద్యా సంస్థలలో పరిశోధనను కుంటుపరచుచున్నదని నా అభిప్రాయము.

ఉన్నత విద్యాసంస్థలలో పరిశోధనాభివృద్ధి విభాగములు నెలకొల్పవలెనని యు.జి.సి. 2022లో మార్గదర్శకములు వెలువరించినది. ఇట్టి విభాగములను నడుపువారిని ఏ అర్హతలను బట్టి ఎన్నుకొనవలెను? రిజిస్ట్రారు పదవికి స్నాతకోత్తర పట్టము, 55 శాతము మార్కులు, 15 ఏండ్ల బోధనానుభవము గాని పాలనానుభవము గాని కోరుట వాడుకలో నున్నది. ఆ పదవికది యుక్తమే. ఆ కొలతనే ప్రాచ్య పరిశోధనాధికారికిని పెట్టి, అంతటితో సరిపుచ్చుట యుక్తము కాదు.

ఒక వ్యాకరణ గ్రంథమును నాలుగు తాళపత్ర ప్రతులనుండి పరిష్కరింపవలసి యున్నదనుకొందము. మొదటి ఏడు లిపిని విప్పుటకును, ప్రతులను పోల్చి పాఠాంతరములను గుర్తించుటకును చాలదు. లిపి యెరుగని అధికారి, ఏడాదిలో ఒక్క పుటయైనను అచ్చుకాలేదేమని ప్రశ్నించి రెండవ ఏటి ధనమును నిలుపును. అతనికి దురుద్దేశము లేదు. పని స్వరూపము తెలియదు. ఫైలు తిరిగి కదలువరకు తాటియాకును పురుగు విడువదు.

తెలిసినవాడున్నచో ఏమగునో చూడుడు. 1905లో తంజావూరు ప్రాంతపు పండితుడొకడు గ్రంథలిపిలోనున్న ఒక వ్రాతప్రతిని మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు అందజేసెను. గ్రంథాలయాధికారి శామశాస్త్రి అది కౌటిల్యుని అర్థశాస్త్రమని గుర్తించి 1909లో ప్రకటించెను. 1915లో ఆంగ్లానువాదమును వెలువరించెను. ఆయన సంస్కృత పండితుడు, ఆంగ్ల విద్యాపట్టభద్రుడు కూడ. ఆ గ్రంథముననే రాజలేఖకునికి అమాత్యగుణములతోపాటు శీఘ్రరచన, చక్కని వ్రాత, లేఖను చదువగల నేర్పు ఉండవలెనని విధి యున్నది. పదవిని బట్టి సామర్థ్యమును నిర్ణయించుట మనకు క్రొత్త కాదు.

అట్లని పండితుడైన ప్రతివాడును పాలకుడు కాగలడని నేననను. పాఠశాలలో చదివిన మాబోటివారిలో పలువురకు జమాఖర్చులు రావు. నిధుల వినియోగ ధ్రువపత్రము సకాలమున పంపనిచో రెండవ విడత ధనము రాదు. ఆ నష్టమును కూడ గ్రంథమే అనుభవించును. కాని ఈ రెండు విద్యలలో భేదమున్నది. లెక్కల పద్ధతిని నియామకానంతరము కొన్ని మాసములలో నేర్పవచ్చును. లిపిజ్ఞానము, శాస్త్రసంస్కారము, పాఠవివేకము ఏండ్ల తరబడి గురుసన్నిధిలో అలవడవలసినవి. తరువాత నేర్పగల దానిని ద్వారముకడ అడ్డుపెట్టి, నేర్పరాని దానిని అడుగకయే లోనికి పంపుట విపరీతము.

కావున మూడు సూచనలు. ప్రకటనలో పట్టముతోపాటు ఒక ప్రాచీన లిపియందు ప్రవేశము, ఒక పరిష్కరణమో గ్రంథసూచియో స్వయముగా చేసిన అనుభవము కోరవలెను. శిరోమణి, విద్యాప్రవీణ వంటి పట్టములు గలవారికి మార్కుల శాతము పేర దరఖాస్తుననే త్రోసివేయక పరీక్షకు అవకాశమీయవలెను. ఎంపిక సంఘము ఎదుట అభ్యర్థికి ఒక తాళపత్రమును, ఒక పథకపు వ్యయాంచనాను ఇచ్చి రెండింటిని చదివింపవలెను. ఒక గంట చాలును.

కోటికి పైగా వ్రాతప్రతుల సర్వేక్షణ, సంరక్షణలకై జ్ఞానభారతం పథకమును కేంద్రప్రభుత్వము 2025 బడ్జెటులో ప్రకటించినది. ధనము వచ్చునప్పుడు దానిని అందుకొను చేతికి తాటియాకు పరిచితమై యుండవలెను. నియామకములు చేయు పెద్దలు ఈ విషయమును ఆలోచింతురుగాక.