ఆకాశానికెగిరే ఆడబిడ్డ గుండెకు భరోసా ఏది?

శంషాబాద్ విమానాశ్రయం దాటి బెంగళూరు రోడ్డెక్కితే వచ్చే కొత్తూరు, షాద్‌నగర్ 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లే. నాగార్జునసాగర్ డ్యామ్ ఆవలి గట్టున విజయపురి సౌత్‌లో విమానం నడపడం నేర్పే రన్‌వే ఉంది. పాలమూరు, నల్లగొండ ఆడపిల్లలకు విమానం ఇప్పుడు తలెత్తి చూసే వింత కాదు, అందుకోదగ్గ ఉద్యోగం. దేశంలోని పైలట్లలో మహిళలు సుమారు 15 శాతం. ప్రపంచ సగటుకు ఇది దాదాపు మూడింతలు. విమానాల్లో పనిచేసే మహిళల గుండెను పరీక్షించే పద్ధతి మాత్రం ఈ మార్పును అందుకోలేదు.

2014లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ క్యాబిన్ సిబ్బందికి ఎత్తుకు తగ్గ బరువును చూపే బీఎంఐకి హద్దులు పెట్టింది. మగవారికి 25 వరకు మామూలు బరువే; ఆడవారికి 22 దాటితే అధిక బరువు. ఈ తేడాను గుండె వైద్యం సమర్థించదు. దక్షిణాసియా వాసులకు 23 నుంచే ముప్పు మొదలవుతుందన్నా, ఆ లెక్క ఇద్దరికీ ఒకటే. సన్నగా ఉన్నవారికీ రక్తపోటు, మధుమేహం, చెడు కొవ్వు ఉంటాయి. వాటిని వదిలి నాజూకుతనాన్ని తూచడం ఆరోగ్య పరీక్ష అనిపించుకోదు.

పైలట్ల పరీక్ష ఇంతకంటే లోతైనదే. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం వాణిజ్య పైలట్లకు 30 నుంచి 50 ఏళ్ల మధ్య కనీసం రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఈసీజీ తీయాలి. అయితే విశ్రాంతిలో తీసిన ఈసీజీ బాగుందంటే రక్తనాళాల్లో పూడిక లేదని అర్థం కాదు. ఇక ట్రెడ్‌మిల్ పరీక్ష లేని జబ్బును ఉన్నట్టు చూపడం మహిళల్లోనే ఎక్కువ. మొదటిది ముప్పును దాచొచ్చు, రెండోది ఆరోగ్యవంతురాలిని విధులకు దూరం చేయొచ్చు.

యంత్రం చెప్పలేనిది మహిళా పైలట్ కాన్పుల చరిత్ర చెబుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు రక్తపోటు పెరిగి ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి తర్వాతి కాలంలో గుండెజబ్బు ముప్పు సుమారు రెట్టింపు. గర్భధారణలో వచ్చే మధుమేహమూ హెచ్చరికే. కాన్పు తర్వాత పైలట్ మళ్లీ వైద్య పరీక్షలో నెగ్గాకే విమానం నడపాలన్న నియమం ఎలాగూ ఉంది. కాన్పుల చరిత్ర అడగడానికి అంతకన్నా తగిన సందర్భం లేదు.

అడిగితే నిజం చెబుతారా? చెబితే కొలువు పోతుందన్న భయం ఉన్నంతకాలం చెప్పరు. ఆ భయానికి చరిత్ర ఉంది. తొలి గర్భానికే ఎయిర్‌హోస్టెస్‌ను ఇంటికి పంపే ఎయిరిండియా నిబంధనను సుప్రీంకోర్టు 1981లో నర్గేష్ మీర్జా కేసులో కొట్టేయాల్సి వచ్చింది. కాబట్టి జబ్బు బయటపెట్టినవారికి చికిత్స కాలంలో జీతం, కోలుకున్నాక తిరిగి విధుల్లోకి దారి నియమంగానే ఉండాలి.

మన జిల్లాల పని ఇంకా ముందే మొదలవ్వాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. ప్రయాణంలో విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే. అక్కడ ఆక్సిజన్ పలచన. హిమోగ్లోబిన్ తక్కువైతే గుండె మరింత కష్టపడాలి. చిన్నప్పుడు గొంతునొప్పికి సరైన మందు పడక వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను పాడుచేస్తుంది. ఆ కవాట జబ్బు ఆడవారిలోనే ఎక్కువ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడి పిల్లల్లో దీన్ని గుర్తించాలి.

పైలట్ శిక్షణకు లక్షల్లో ఖర్చు. పొలం అమ్మి ఫీజు కట్టాక గుండెలో లోపం బయటపడితే ఆ కుటుంబం కోలుకోదు. మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఈ రంగం ఎంచుకునే పిల్లలకు ఈసీజీ, టూడీ ఎకో, రక్త పరీక్షలు ముందే ఉచితంగా చేయాలి. ముందే తెలిస్తే చాలా లోపాలకు చికిత్స ఉంది. పరీక్ష ఆడబిడ్డను ఆపడానికి కాదు, పదవీ విరమణ దాకా క్షేమంగా ఎగరనివ్వడానికి అని డీజీసీఏ, విమాన సంస్థలు, ప్రభుత్వం తమ నియమాల్లోనే రుజువు చేయాలి.